ఫోన్లో డబ్బు కట్టాలంటే భయమేస్తోంది, బెంగళూరులో నోట్లతోనే బతకొచ్చా?

వనజ_మున్నెకొలాల
ఈ నెల 3వ తారీకు సాయంత్రం మారతహళ్ళి బ్రిడ్జి దగ్గర ఒక సూపర్ మార్కెట్లో నెల సరుకులు తీసుకున్నాను. బిల్లు 1,840. స్కాన్ చేసి పిన్ కొట్టాను, నా ఫోన్లో చక్రం అలా తిరుగుతూనే ఉంది, ఈలోపు డబ్బు కట్ అయినట్టు బ్యాంకు మెసేజ్ వచ్చేసింది. కౌంటర్ మీద స్పీకర్ మాత్రం పలకలేదు. ఆ అబ్బాయి "మాకు రాలేదు మేడం" అన్నాడు. వెనక లైన్లో ఆరేడుగురు, చంకలో పాప ఏడుపు, పర్సులో చూస్తే 400. సరుకులు అక్కడే పెట్టి ఏటీఎం దాకా నడిచి వెళ్ళి నోట్లు తెచ్చి కట్టాను.

ఇవాళ్టికి 9 రోజులు. డబ్బు తిరిగి రాలేదు. యాప్ వాళ్ళు బ్యాంకుని అడగమంటారు, బ్యాంకు వాళ్ళు యాప్‌లో ఫిర్యాదు పెట్టమంటారు, షాపు వాళ్ళు మాకు రానేలేదంటారు. మూడు చోట్లా మూడు మెషీన్ గొంతులు. 1,840 పోతే పోనీ అనుకునే ఇల్లు కాదు మాది. పైగా నా డబ్బు ఎక్కడుందో చెప్పే మనిషి ఒక్కడైనా లేడని తెలిశాక ఫోన్ తీసి స్కాన్ చేయాలంటే చెయ్యి రావట్లేదు. ఈ ఊళ్ళో ఎవరైనా పూర్తిగా నోట్లతోనే నెట్టుకొస్తున్నారా? అద్దె, కూరగాయలు, ఆటో అన్నీ ఎలా?

కేఆర్‌పురం_కుర్రాడు
9 రోజులు ఆగినంత మాత్రాన పోయినట్టు కాదు అక్కా, వస్తుంది. నేను ఆరేళ్ళుగా టీ నుంచి అద్దె దాకా అన్నీ ఫోన్లోనే కడుతున్నా, ఒక్క రూపాయి పోలేదు. అంతకుముందు మెజెస్టిక్‌లో బస్సెక్కుతుంటే జేబు కొట్టేశారు, అందులో ఉన్న 7,000 ఇంతవరకు ఎవరూ తిరిగివ్వలేదు.

వనజ_మున్నెకొలాల
జేబు కొట్టేసినవాడు దొంగ అని తెలుసు కదా తమ్ముడూ. ఇక్కడ ఎవరూ దొంగ కాదు, అయినా డబ్బు లేదు. నన్ను భయపెడుతున్నది అదే.

సీమ_సుబ్బన్న
నేను నోట్లతోనే బతుకుతున్నా. మడివాళ మార్కెట్లో కూరగాయలు, పాలు, మంగలి షాపు ఏదీ ఇబ్బంది లేదు. ఆటోల్లోనే గొడవ. 200 నోటు ఇస్తే చిల్లర లేదంటాడు, స్కాన్ మాడి (చేయండి) అంటాడు. అందుకే ఆదివారం పొద్దున కిరాణా కొట్టాయన దగ్గర వారానికి సరిపడా పదులు, ఇరవైలు మార్చుకుంటా.

కోడ్_రాసేవాడు
నా పని ఈ పేమెంట్ల సాఫ్ట్‌వేర్‌లోనే కాబట్టి వనజ గారికి ఏం జరిగి ఉంటుందో చెప్తాను. మీరు పిన్ కొట్టగానే ఆ మాట యాప్ నుంచి యాప్ వెనకున్న బ్యాంకుకి, అక్కడి నుంచి ఎన్‌పీసీఐకి (యూపీఐని నడిపే సంస్థ), అక్కడి నుంచి మీ బ్యాంకుకి వెళ్తుంది. మీ బ్యాంకు డబ్బు కోసేశాక మళ్ళీ ఎన్‌పీసీఐ మీదుగా షాపు బ్యాంకుకి చేరాలి. ఇన్ని చేతులు మారేటప్పుడు ఒక్కరు సమయానికి బదులివ్వకపోయినా మీ చక్రం తిరుగుతూనే ఉంటుంది. మీ ఖాతాలో తగ్గింది, వాళ్ళ ఖాతాలో పెరగలేదు. తర్వాత బ్యాంకులు లెక్కలు సరిచూసుకున్నప్పుడు అది బయటపడి వెనక్కి రావాలి. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో వచ్చేస్తుంది. 9 రోజులంటే ఎవరి దగ్గరో లెక్క తేలకుండా పడి ఉంది, ఎవరైనా అడిగితేనే కదులుతుంది.

2025 ఏప్రిల్ 12 శనివారం గుర్తుందా? దేశమంతా యూపీఐ కొన్ని గంటలు ఆగిపోయింది. అంతకు ముందు మార్చి 26న కూడా. ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నా, కింద టీ కొట్టాయన అందరికీ నోటు పుస్తకంలో అప్పు రాసుకున్నాడు.

హెచ్ఎస్ఆర్_హారిక
టీ కొట్టాయన నమ్మినట్టు బ్యాంకు నమ్మదు కదా మనల్ని :)

బ్యాంకు_బాబాయ్
వనజమ్మా, ముప్పై ఒక్క ఏళ్ళు బ్యాంకులో పనిచేసి జయనగర్లో రిటైరై ఉన్నాను. అందరూ ధైర్యం చెప్తున్నారు గానీ ఎవరూ రూల్ చెప్పలేదు. 2019 సెప్టెంబర్ 20న రిజర్వ్ బ్యాంక్ ఒక సర్క్యులర్ ఇచ్చింది. షాపులో యూపీఐ కట్టి, మన ఖాతాలో డబ్బు పోయి, షాపుకి అందకపోతే ఆ రోజు కాక ఇంకో 5 రోజుల్లో దానంతటదే వెనక్కి రావాలి. మనిషికి మనిషి పంపింది అందకపోతే మర్నాటికల్లా. ఆ గడువు దాటితే రోజుకి 100 రూపాయల చొప్పున బ్యాంకు మనకి ఇవ్వాలి, మనం అడగకపోయినా ఇవ్వాలి. మీది 3వ తారీకు కదా, 8తో గడువు అయిపోయింది. ఇవాళ 12. అంటే ఇప్పటికే 400 మీకు రావాలి.

ఫోన్లో చెప్పొద్దు, రాతలో పెట్టండి. యాప్‌లో ఆ లావాదేవీ తెరిస్తే 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది, అది రాసి బ్రాంచికి ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోండి. 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి, అంటే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే అధికారికి, ఆన్‌లైన్లో ఫిర్యాదు పెట్టొచ్చు, ఫీజు లేదు.

వనజ_మున్నెకొలాల
రోజుకి 100 సంగతి ఇప్పుడే వింటున్నాను బాబాయ్ గారూ! బ్యాంకులో ఇద్దరితో మాట్లాడాను, ఇద్దరూ ఆ మాటే ఎత్తలేదు.

బ్యాంకు_బాబాయ్
ఎత్తరు. కౌంటర్లో కూర్చున్న పిల్లలకి చాలామందికి తెలియదు కూడా. నాకు బాధనిపించే విషయం అదే.

నల్గొండ_నర్సి
మా నాయనది వేరే కథ. రెండేళ్ళ కింద బొమ్మనహళ్ళిలో ఇల్లు మారుతూ పాత సోఫా అమ్ముదామని ఆన్‌లైన్లో ఫొటో పెట్టినం. గంటలో ఫోన్ వచ్చింది, నేను ఆర్మీల పనిచేస్తా, బేరం వద్దు, ఇప్పుడే పంపిస్తా అని. నాయనకి ఆర్మీ అంటే గౌరవం. వాడు ఒక క్యూఆర్ కోడ్ పంపి ఇది స్కాన్ చేస్తే మీకు పైసలు వస్తయి అన్నడు. ముందు 5 రూపాయలు నిజంగానే పంపిండు, నమ్మకం కోసం. తర్వాత 19,000 కోడ్ పంపిండు. నాయన స్కాన్ చేసి పిన్ కొట్టిండు. కట్ అయింది. అయ్యో పొరపాటైంది, ఇంకో కోడ్ పంపుతా, రెండూ కలిపి వస్తయి అన్నడు. మళ్ళీ 19,000. మొత్తం 38,000.

నాకు మర్నాడు పొద్దున చెప్పిండు, రాత్రంతా నిద్రపోలేదు పాపం. సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చేస్తే వెంటనే రాసుకున్నరు, మంచిగనే మాట్లాడిండ్రు, కానీ అప్పటికే ఆ పైసలు ఎన్నో ఖాతాలు దాటిపోయినయ్. ఇప్పటికీ నాయన ఫోన్లో ఒక్క రూపాయి కట్టడు. నేను కట్టమని కూడా అనను.

కేఆర్‌పురం_కుర్రాడు
బాధాకరమే అన్నా, కాదనను. కానీ పిన్ కొట్టింది నాన్నగారే కదా. డబ్బు తీసుకోవడానికి పిన్ అవసరం లేదు, స్కాన్ చేయడమంటే పంపడమే అని అందరికీ చెప్తూనే ఉన్నారు. దానికి యూపీఐని అంటే ఎలా?

హెచ్ఎస్ఆర్_హారిక
"అందరికీ" అంటే ఎవరికి? ఆ మాట ఏ భాషలో, ఎక్కడ చెప్పారు? ఆ పెద్దాయన పిన్ కొట్టే తెరమీద ఉన్నదంతా ఇంగ్లిష్. నీకూ నాకూ చిటికెలో అర్థమయ్యేది వాళ్ళకి అర్థం కాకపోతే తప్పు వాళ్ళదే అనడం నాకు అన్యాయంగా ఉంది. గేటు లేని బావి కట్టి, పడినవాణ్ణి చూసుకోలేదా అన్నట్టుంది.

నల్గొండ_నర్సి
హారిక గారూ థ్యాంక్స్. నాయన నెత్తి కొట్టుకునేది కూడా ఇదే, నా చేతులతో నేనే కొట్టిన అని.

బ్యాంకు_బాబాయ్
కుర్రాడు చెప్పింది చట్టం వైపు నుంచి నిజం, హారికమ్మ చెప్పింది మనిషి వైపు నుంచి నిజం. 2017 జూలైలో వచ్చిన రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా మధ్యలో ఎవరో కొట్టేస్తే, 3 పని దినాల్లో చెప్పినవాళ్ళకి నష్టం ఉండదు. 4 నుంచి 7 రోజులైతే కొంత మన మీద పడుతుంది. కానీ పిన్ మనమే కొట్టినా, ఎవరికైనా చెప్పినా అది మన అజాగ్రత్త కిందకి వస్తుంది, బ్యాంకుకి చెప్పేదాకా పోయినదంతా మనదే. ఇప్పుడు జరిగే మోసాల్లో ఎక్కువ భాగం మనిషి చేత వాడి పిన్ వాడే కొట్టించేవి. అంటే ఎక్కువమంది పడే గోతికే రక్షణ తక్కువ. నా సర్వీసులో కౌంటర్ అవతల కూర్చుని ఏడ్చినవాళ్ళని చూశాను, రూల్ చదివి వినిపించడం తప్ప ఏమీ చేయలేకపోయాను.

కోడ్_రాసేవాడు
కొన్ని మార్పులు వచ్చాయి, అవి కూడా చెప్పాలి. 2025 అక్టోబర్ 1 నుంచి మనిషికి మనిషి డబ్బు అడుగుతూ రిక్వెస్ట్ పంపే సౌకర్యం తీసేశారు, దాంతో చాలా మోసాలు జరిగేవి. అదే ఏడాది జూన్ 30 నుంచి మీరు పంపబోయే మనిషి పేరు బ్యాంకులో ఉన్నది ఉన్నట్టు చూపించాలని రూల్. కాబట్టి పిన్ కొట్టే ముందు ఆ పేరు చదవండి. ఆర్మీ మేజర్ అని చెప్పినవాడి పేరు అక్కడ ఇంకేదో కనిపిస్తుంది.

ఇడ్లీ_కొట్టు
కగ్గదాసపురలో టిఫిన్ సెంటర్ నాది, ఊరు నెల్లూరు దగ్గర. కట్టేవాళ్ళ కష్టాలు చెప్పారు, తీసుకునేవాళ్ళవి కూడా వినండి. పొద్దున ఏడు నుంచి పది దాకా నాకు తల ఎత్తే తీరిక ఉండదు. స్పీకర్ రాకముందు ఫోన్ తెర చూపించి వెళ్ళిపోయేవాళ్ళు. రాత్రి లెక్క చూస్తే రోజుకి నాలుగైదు ప్లేట్ల డబ్బు తక్కువ. కట్టినట్టు తెర చూపించే దొంగ యాప్‌లు ఉన్నాయని అప్పుడు తెలిసింది. ఇప్పుడు స్పీకర్ పలికితేనే లెక్క. వనజ గారు వెళ్ళిన షాపు అబ్బాయి కూడా అందుకే రాలేదన్నాడు, వాడి మీద కోపం పెట్టుకోకండి.

ఇంకోటి, 2025 జూలైలో ఇక్కడ చిన్న కొట్లవాళ్ళకి జీఎస్టీ నోటీసులు వచ్చాయి, యూపీఐలో వచ్చిన మొత్తం చూసి. నాలుగేళ్ళ లెక్కలు ఒక్కసారి అడిగారు. సరుకులమ్మేవాళ్ళకి ఏడాదికి 40 లక్షలు, మాలాంటి హోటళ్ళకి 20 లక్షలు దాటితే రిజిస్టర్ చేసుకోవాలి, నిజమే. కానీ వచ్చిన డబ్బంతా అమ్మకం కాదు కదా. మా పక్క కొట్టాయన ఖాతాలోకి చెల్లెలి పెళ్ళికి బంధువులు పంపింది కూడా అదే క్యూఆర్‌లో పడింది. అప్పుడు మా వీధిలో అందరం స్టిక్కర్లు పీకేశాం. క్యాష్ మాత్రమే అని రాసి పెట్టాం.

సీమ_సుబ్బన్న
గుర్తుంది, ఆ నెల నేను రాజాలా తిరిగా, జేబులో నోట్లున్నవాణ్ణి నేనొక్కణ్ణే.

కేఆర్‌పురం_కుర్రాడు
అన్నా, అమ్మకం లెక్కలోకి రాకూడదని నోట్లు తీసుకుంటే అది పన్ను ఎగ్గొట్టడమే కదా. జీతగాళ్ళకి ముందే కోసేస్తున్నారు.

ఇడ్లీ_కొట్టు
తమ్ముడూ నేను ఇప్పుడు రిజిస్టర్ చేసుకున్నాను, కడుతున్నాను. పన్ను కట్టనని ఎవరూ అనలేదు. ఫోన్లో డబ్బు తీసుకోవడం నేర్పిస్తామని ఇంటింటికీ వచ్చి స్టిక్కర్ అంటించి వెళ్ళినవాళ్ళు ఒక్కరైనా "ఇది లెక్కలోకి వస్తుంది, పుస్తకం రాసుకో, సొంత డబ్బుకి వేరే ఖాతా పెట్టుకో" అని చెప్పారా? అది చెప్పి ఉంటే భయపడేవాళ్ళం కాదు. పాలు, కూరగాయల్లాంటి పన్ను లేని సరుకులు అమ్మేవాళ్ళకి కూడా నోటీసులు వెళ్ళాయి. వాళ్ళని వదిలేస్తామని తర్వాత ప్రభుత్వం చెప్పింది, కానీ ఆ రెండు వారాలు వాళ్ళు పడిన టెన్షన్ ఎవరు తీరుస్తారు? నెల తర్వాత బేరం సగమైపోయి మళ్ళీ స్టిక్కర్ పెట్టాను. ఇష్టమై పెట్టలేదు.

మార్కెట్_మల్లె
ఇడ్లీ అన్న చెప్పింది నూటికి నూరు నిజం. మా అమ్మ కేఆర్ మార్కెట్లో పూలమ్ముతుంది, ఇరవై ఏళ్ళ పైనే. చదువు రాదు. స్పీకర్ వచ్చాక ఎంత సంతోషపడిందో, నోటు లెక్కపెట్టే పని లేదు, కన్నడలో పలుకుతుంది, అంతే.

పోయిన దసరాకి ఎవరో దండలు కొని 6,500 కట్టి వెళ్ళారు. పది రోజుల తర్వాత సరుకు కొందామని నేను డబ్బు పంపబోతే వెళ్ళలేదు. బ్యాంకుకి వెళ్తే ఖాతా హోల్డ్‌లో ఉందన్నారు. ఆ 6,500 ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బట, వేరే రాష్ట్రం సైబర్ పోలీసులు ఆపమన్నారట. ఆపింది 6,500 కాదు, ఖాతాలో ఉన్న 71,000 మొత్తం. దీపావళికి బంతిపూలు కొనాల్సిన డబ్బు అది. అమ్మ పక్క కొట్లో వడ్డీకి తెచ్చింది. బిల్లు ఏదమ్మా అని అడిగారు. పూలకి బిల్లు ఎవరిస్తారు? తెలిసిన లాయర్ గారి చేత ఆ పోలీస్ స్టేషన్‌కి మెయిల్ మీద మెయిల్ పెట్టించి, దండల ఫొటోలు, మార్కెట్ అసోసియేషన్ ఉత్తరం అన్నీ పంపితే ఏడు వారాలకి తీశారు.

ఇప్పుడు అమ్మ ఎవరినీ స్కాన్ చేయనివ్వదు. తెలిసిన వాళ్ళయితేనే. "నోటు మీద ఎవరి పాపం ఉన్నా నాకంటదు, దీనిలో మాత్రం ఎవడో చేసిన దానికి నా పొయ్యి ఆరిపోయింది" అంటుంది. నా దగ్గర దానికి జవాబు లేదు.

కేఆర్‌పురం_కుర్రాడు
ఇది నాకు అస్సలు తెలియదు. ఏ తప్పూ చేయని మనిషి ఖాతా మొత్తం ఆపేస్తారా? మొదట్లో అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా, నాకు జరగలేదు కాబట్టి లేదనుకున్నా.

బ్యాంకు_బాబాయ్
ఆ వివాదంలో ఉన్నంత మొత్తం వరకే ఆపి మిగతాది వదిలేస్తే ఆ తల్లికి వడ్డీ బాధ ఉండేది కాదు. మల్లెమ్మా, అమ్మగారికి రెండో బ్యాంకులో ఇంకో ఖాతా తీయించు. స్కాన్ డబ్బు ఒకదాన్లో పడనీ, ప్రతి రాత్రీ దాన్ని రెండోదానికి మార్చెయ్యి. పూర్తి రక్షణ అని చెప్పను, కానీ సరుకు డబ్బు ఒక్కచోటే చిక్కుకోదు.

హెచ్ఎస్ఆర్_హారిక
ఆడపిల్లలకి ఇంకో భయం ఉంది, ఇక్కడ ఎవరూ రాయలేదు. రాత్రి పదికి ఆటోలో నేనుండే పీజీ హాస్టల్‌కి వచ్చి డ్రైవర్ కోడ్ స్కాన్ చేసి 180 కట్టాను. అరగంటలో వాట్సాప్‌లో "రీచ్డ్ సేఫ్?" అని మెసేజ్. నా యూపీఐ ఐడీ నా ఫోన్ నంబరే. పేరు, నంబరు, ఉండే పీజీ మూడూ అతనికి తెలిసిపోయాయి. బ్లాక్ చేశాను, ఏమీ జరగలేదు, కానీ వారం రోజులు గేటు దగ్గర వెనక్కి తిరిగి చూసుకుంటూ నడిచాను. నంబరు లేకుండా వేరే ఐడీ పెట్టుకోవచ్చని ఆ తర్వాతే తెలిసింది. అక్కలూ చెల్లెళ్ళూ, సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ఇవాళే మార్చుకోండి.

వనజ_మున్నెకొలాల
ఇప్పుడే చూశాను, నాది కూడా నంబరే. మార్చేశాను హారికా.

కోడ్_రాసేవాడు
ఈ మాటల్లో నేనొకటి చేరుస్తా. ఫోన్ కవర్ వెనక డెబిట్ కార్డు పెట్టుకునే అలవాటు చాలామందికి ఉంది, తీసేయండి. కొత్త యూపీఐ పిన్ పెట్టాలంటే కార్డు చివరి 6 అంకెలు, గడువు తేదీ, ఫోన్‌కి వచ్చే ఓటీపీ ఉంటే చాలా బ్యాంకుల్లో సరిపోతుంది. ఫోన్ పోతే సిమ్, కార్డు రెండూ దొంగ చేతిలోనే. సిమ్‌కి కూడా పిన్ పెట్టుకోండి. చిన్న ఖర్చులకి యూపీఐ లైట్ వాడండి, అంటే ముందే కొంత డబ్బు యాప్‌లో వేసుకుని కట్టేది, అందులో 5,000 మించి ఉండదు, ఒక్కసారి 1,000 మించి పోదు. పైగా ఆ చెల్లింపులు మీ బ్యాంకు సర్వర్ దాకా పోవు కాబట్టి మధ్యలో ఇరుక్కోవడం తక్కువ.

సీమ_సుబ్బన్న
లైట్‌కి పిన్ అడగదు కదా? తెరిచిన ఫోన్ దొరికితే ఆ 5,000 గోవిందా.

కోడ్_రాసేవాడు
అవును, అది నిజమే. అందుకే నేను 1,000 మించి వేసుకోను.

వనజ_మున్నెకొలాల
అందరికీ ఒక కబురు. బాబాయ్ గారు చెప్పినట్టు 13న బ్రాంచిలో కాగితం ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. తీసుకోవడానికి ముందు ఒప్పుకోలేదు, యాప్‌లో పెట్టుకోండి అన్నారు. సర్క్యులర్ తేదీ చెప్పేసరికి లోపలికి తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. 16న 1,840 పడింది, అంతే పడింది. ఆలస్యానికి రావాల్సిన 800 ఏదని మళ్ళీ రాశాను. నిన్న అది కూడా పడింది.

పెళ్ళిలో అమ్మ ఇచ్చిన డబ్బుతో తీసిన నా ఖాతాని యాప్ నుంచి పూర్తిగా తీసేశాను. కొత్తగా తీసిన చిన్న ఖాతాలో 3,000 వేసుకుని అదొక్కటే కలిపాను. అద్దె చెక్కు ఇస్తానంటే ఓనరు ఒప్పుకున్నారు. కూరగాయలకి నోట్లే. పాప చేతిలో ఉన్నప్పుడు మాత్రం ఫోన్ సులువు, కాదనలేను.

నల్గొండ_నర్సి
అక్కా, ఆ కాగితం ఎట్ల రాసిన్రో ఇక్కడ పెట్టండి. నాయన పైసలకి అది పనికిరాదు, తెలుసు, కానీ మా రూమ్‌లో ఇద్దరికి ఇట్లనే ఇరుక్కున్నయి.

వనజ_మున్నెకొలాల
"బ్రాంచ్ మేనేజర్ గారికి. నా సేవింగ్స్ ఖాతా నుంచి ఫలానా తేదీన, ఫలానా సమయానికి, 1,840 రూపాయలు యూపీఐ ద్వారా ఫలానా షాపుకి చెల్లించాను. రిఫరెన్స్ నంబరు 12 అంకెలు ఇది. నా ఖాతాలో డబ్బు తగ్గింది, షాపుకి అందలేదు. షాపు వారు రాసిచ్చిన చీటీ, నాకు వచ్చిన మెసేజ్ కాపీ జత చేశాను. 2019 సెప్టెంబర్ 20 నాటి రిజర్వ్ బ్యాంక్ సర్క్యులర్ ప్రకారం లావాదేవీ జరిగిన రోజు తర్వాత 5 రోజుల్లో డబ్బు తిరిగి రావాలి, ఆపైన రోజుకి 100 రూపాయలు ఇవ్వాలి. అసలు, ఆలస్యపు మొత్తం రెండూ నా ఖాతాలో వేసి, వేసినట్టు రాతపూర్వకంగా తెలియజేయగలరు."

రెండు కాపీలు. షాపు వాళ్ళ చీటీ మర్చిపోకండి, ఆ అబ్బాయి అడగగానే రాసిచ్చాడు.

నల్గొండ_నర్సి
రాసుకున్న అక్కా. రేపు పొద్దున పదింటికే పోతం.